కణం లోపలి లాకులు

2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బలభద్రపురం పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఊళ్లో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న వార్త గుప్పుమనడంతో ప్రభుత్వం వైద్య బృందాలను పంపి ఇంటింటి సర్వే చేయించింది. నీళ్ల వల్లా, ఫ్యాక్టరీల వల్లా, పురుగుమందుల వల్లా అని జనం మథనపడ్డారు. ఆ ఆందోళన సహజం. కారణం తేల్చమని అడగడం వాళ్ల హక్కు. అయితే ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చింది, ఆ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు అన్న లెక్క లేకుండా ఏ కారణాన్నీ రుజువు చేయలేం, కొట్టిపారేయనూలేం. రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం, రక్తం... వీటికి వచ్చే క్యాన్సర్లు వేర్వేరు జబ్బులు. అన్నింటిలోనూ కనిపించేది మాత్రం ఒకటుంది. ఆగాల్సిన చోట కణం ఆగదు.

ఎందుకు ఆగదన్న దాని గురించి శాస్త్రానికి ఇవాళ చాలా తెలుసు. అది ల్యాబుల్లోనే ఉండిపోకూడదనీ, మన ఊళ్లలో మాట్లాడుకోవాలనీ మేం గట్టిగా నమ్ముతున్నాం. అది తెలిస్తేనే డాక్టరును ఏం అడగాలో, సర్కారును ఏం అడగాలో తెలుస్తుంది.

ఒక కణం రెండు కావాలంటే ముందు తగినంత పెరగాలి. తనలోని డీఎన్ఏ మొత్తాన్ని, అంటే దాదాపు 600 కోట్ల అక్షరాలను, నకలు తీసుకోవాలి. నకలు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవాలి. చివరికి క్రోమోజోములను చెరిసమంగా పంచుకుని విడిపోవాలి. దశకూ దశకూ మధ్య తనిఖీ ఉంటుంది. కాలువ లాకుల సంగతి డెల్టా వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూసి, నీటిమట్టం సమానమయ్యేదాకా ముందు తలుపు తియ్యరు. కణంలోనూ అంతే. ఈ దశ పని పూర్తయిందని తేలితేగానీ తర్వాతి దశకు దారి దొరకదు.

ఈ సంగతి బయటపడింది క్యాన్సర్ ఆసుపత్రుల్లో కాదు. అమెరికాలో లీలాండ్ హార్ట్‌వెల్ రొట్టెల తయారీలో వాడే ఈస్ట్ మీద పనిచేశారు. విభజన మధ్యలో ఆగిపోయే ఈస్ట్ రకాలను వెతికి పట్టుకుని, ఏ జన్యువు చెడితే ఏ దశలో ఆగుతుందో వరస కట్టారు. డీఎన్ఏ దెబ్బతింటే కణం తనంతట తానే ఆగి మరమ్మతు చేసుకుంటుందన్న చెక్‌పాయింట్ ఆలోచన కూడా ఆయన బృందానిదే. బ్రిటన్‌లో పాల్ నర్స్ మరో రకం ఈస్ట్‌లో విభజనను మొదలుపెట్టించే కీలక జన్యువును పట్టుకున్నారు. ఆ జన్యువు చెడిపోయిన ఈస్ట్‌లోకి ఆయన బృందం మనిషి డీఎన్ఏను ఎక్కించి చూసింది. మనిషి జన్యువు అందిన ఈస్ట్ కణాలు మళ్లీ మామూలుగా విడిపోవడం మొదలెట్టాయి! 1987లో వెలువడిన ఫలితమది. ఈస్ట్ దారీ మన దారీ వేరుపడి సుమారు 100 కోట్ల ఏళ్లు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన జన్యువు దానికి పనికొచ్చింది. ఇక టిమ్ హంట్ 1982లో, ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్ అనే సముద్రజీవి గుడ్లలో ఒక వింత ప్రొటీన్‌ను గమనించారు. కణం విడిపోయిన ప్రతిసారీ అది మాయమవుతుంది, మళ్లీ పోగుపడుతుంది. దానికే సైక్లిన్ అని పేరు పెట్టారు. ఈ ముగ్గురికీ 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈస్ట్ మీదా, సముద్రజీవుల గుడ్ల మీదా డబ్బు తగలేయడం దేనికని ఎవరైనా అప్పట్లో నిధులు ఆపేసి ఉంటే ఇవాళ కొన్ని మందులు ఉండేవే కావు. డిగ్రీ కాలేజీల్లో బయాలజీ ల్యాబులను దండగ ఖర్చు కింద చూసేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

తనిఖీ చేసే ప్రొటీన్లలో రెండింటి పేర్లు మామూలు జనానికీ తెలియాలి. మొదటిది ఆర్‌బీ. చంటిపిల్లల కంటికి వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ వల్ల దీని జాడ దొరికింది. ఫ్లాష్ వేసి ఫొటో తీస్తే ఆ బిడ్డ కనుపాప తెల్లగా మెరవొచ్చు. సెల్‌ఫోన్ ఫొటోలో అలా కనబడితే రోజులు గడపకుండా కంటి డాక్టరుకు చూపించాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే ఆర్‌బీ జన్యువులు రెండూ పాడైనప్పుడు ఈ జబ్బు వస్తుంది. సంకేతం వచ్చేదాకా డీఎన్ఏ నకలు మొదలవకుండా ఆపి ఉంచేది ఆర్‌బీనే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఎక్కడ దెబ్బ కొడుతుందో చూడండి. దాని ఈ7 ప్రొటీన్ ఆర్‌బీని పనిచేయనివ్వదు. ఈ6 ప్రొటీన్ పి53ను నాశనం చేస్తుంది. ఆ పి53 రెండోది. డీఎన్ఏ దెబ్బతింటే కణాన్ని ఆపేదీ, బాగుపడదనుకుంటే చంపేసేదీ అదే. దాదాపు సగం క్యాన్సర్లలో పి53 జన్యువు చెడిపోయి ఉంటుంది.

ఇక్కడ మన లంక పొగాకు మాట ఎత్తక తప్పదు. గోదావరి లంకల్లో పండే ఆ ఆకు చుట్టలకు పేరుమోసింది. పొగాకు పొగలో ఉండే బెంజోపైరీన్ అనే రసాయనం, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పి53 జన్యువు ఎక్కడెక్కడ చెడి ఉంటుందో సరిగ్గా ఆ చోట్లనే అతుక్కుంటుందని 1996లో ప్రయోగంలో తేలింది. మా తాత రోజూ చుట్ట కాల్చినా 90 ఏళ్లు బతికాడు అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ తాతకు అదృష్టం కలిసొచ్చి ఉండొచ్చు, పొగ మాత్రం ఎవరి డీఎన్ఏనైనా దెబ్బతీస్తుంది.

ఇవన్నీ ఒక్క రోజులో జరిగేవి కావు. ఒక తనిఖీ తప్పాక ఇంకోటి తప్పడానికి ఏళ్లు పడుతుంది. హెచ్‌పీవీ సోకిన మామూలు ఆరోగ్యవంతురాలిలో అది క్యాన్సర్‌గా ముదరడానికి 15 నుంచి 20 ఏళ్లు పట్టొచ్చు. ఆ ఏళ్లన్నీ మన చేతిలో ఉన్నవే. డెల్టాలో వాటిని చేజేతులా పోగొట్టుకుంటున్నాం, మా బాధంతా అదే.

క్యాన్సర్ కణం నకలు తీసుకునే దశ మీదే దెబ్బకొట్టిన తొలి మందుల వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధన నుంచి ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఫోలిక్ ఆమ్లం లేకపోతే కణం డీఎన్ఏ తయారుచేసుకోలేదు. అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, వారిలో కొందరికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు. డీఎన్ఏ ఆకారం తెలియడానికి అప్పటికి ఇంకా అయిదేళ్లుంది. మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

హార్ట్‌వెల్, నర్స్, హంట్ వేసిన దారిలో వచ్చిన మందు పాల్బోసిక్లిబ్. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లలో ఆర్‌బీని పక్కకు తప్పించే ఎంజైములను ఇది అడ్డుకుంటుంది. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2023లో మన దేశంలో పేటెంట్ గడువు తీరాక దేశీ కంపెనీలు తయారుచేయడంతో ధర బాగా దిగివచ్చింది. అయితే ఈ మాత్ర ఎవరికి పనికొస్తుందో చెప్పేది గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చూసే ముక్క పరీక్షే (బయాప్సీ). ఆ రిపోర్టులో హార్మోన్ రిసెప్టర్ల (కణాల్లో హార్మోన్లను అందుకునే ప్రొటీన్ల) వరస ఉంటుంది, కేఐ-67 అని పక్కన ఒక శాతం ఉంటుంది. ఎన్ని కణాలు విభజన పనిలో ఉన్నాయో చెప్పే అంకె అది. రోగి ఇంటివాళ్లు దాని గురించి అడగాలి, డాక్టర్లు విసుక్కోకుండా చెప్పాలి.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందనీ, కత్తి తగిలితే రేగుతుందనీ మన పల్లెల్లో ఇంకా అనుకుంటున్నారు. ఈ భయంతో నోట్లో మానని పుండును, రొమ్ములో గడ్డను నెలల తరబడి దాచుకునే ఆడవాళ్లు ఎందరో. ముక్క తీయించుకోకుండా గడిపిన ఆ నెలల్లోనే జబ్బు ముదురుతుంది. దాచుకున్నారని వాళ్లను తప్పుపట్టడం మాకు ఇష్టం లేదు. పరీక్షకు పోతే కూలి పోతుంది, బస్సు చార్జీలవుతాయి, ఫలితం కోసం మళ్లీ మళ్లీ తిరగాలి. ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గు.

30 ఏళ్లు దాటిన వారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమంలోనే ఉంది. రిజిస్టర్లో టిక్కు పెట్టడంతో ఆ పని అయిపోయినట్టు కాదు. అనుమానం వచ్చిన మనిషి ముక్క పరీక్ష దాకా వెళ్లిందా, వైద్యం మొదలైందా అన్నది చూడాలి. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా బడి దగ్గరే వేయాలి. అమలాపురం, నరసాపురం, తణుకు వంటి ఊళ్లలో తీసిన ముక్కకు వారంలోగా ఫలితం వచ్చేలా పాథాలజిస్టులను నియమించాలి. ఆ ఫలితం ఆశా కార్యకర్త ద్వారా ఇంటికే అందాలి. ఏ మండలంలో ఏ క్యాన్సర్ ఎందరికి, ఏ వయసులో వచ్చిందో గోదావరి జిల్లాలన్నింటా నమోదు చేసి, పేర్లు బయటపెట్టకుండా ఆ లెక్కలను ఏటా ప్రజల ముందుంచాలి.