సవరణ: నడుము నొప్పికి వ్యాయామం అంటే మెట్లెక్కడం కాదు
12 వారాలు దాటిన నడుము నొప్పికి మంచం పట్టడం కంటే వ్యాయామం మేలని ఇంతకుముందు రాసిన మాటను, అలిపిరి మెట్లెక్కితే నొప్పి పోతుందని తిరుపతిలో కొందరు అర్థం చేసుకున్నందున ఈ వివరణ ఇస్తున్నాను. 3,550 మెట్లు మొక్కుకు సరే గాని, చికిత్సకు ఆరంభం కావు. చదునైన నేల మీద నడకతో మొదలుపెట్టి, పొట్ట, నడుము, తుంటి కండరాలకు బలమిచ్చే కదలికలను ఫిజియోథెరపిస్టు సలహాతో వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. చేసేటప్పుడు కాస్త నొప్పి తెలిసినంత మాత్రాన వెన్నుకు హాని జరిగినట్టు కాదు. నడుము బెల్టును మామూలు చికిత్సగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు సూచించాయి. అయితే మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాళ్లలో బలం తగ్గుతున్నా వ్యాయామం మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.