మా నాన్న చెప్పు ముక్కకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ గాలపు బెండు గారికి,
గుర్రపు డెక్క గుబురు పక్కన,
రైవస్ కాలువ, విజయవాడ.

ముందు తమరి వంశం సంగతి తేల్చుకుందాం. తమరి పూర్వీకులు జీలుగు బెండ్లు. తెల్లగా, తేలిగ్గా, గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండేవాళ్లు. వాళ్లలో కొందరు బాసికాలై పెళ్లికొడుకుల నుదుళ్లెక్కారు. కొందరు మా తాత గాలానికి కట్టుబడి మర్యాదగా పనిచేశారు. తమరు మాత్రం మా నాన్న హవాయి చెప్పు మడమ దగ్గర నేను బ్లేడుతో కోసిన ముక్క. రెండంగుళాల పొడవు, కాల్చిన మేకుతో పొడిచిన చిల్లు, ఒక పక్కన ఇంకా మా నాన్న మడమ అరుగుదల. ఇక్కడితో ‘తమరు’ తీసేస్తున్నాను. చెప్పుకి ఇంతకు మించి మర్యాద మా ఇంట్లో ఎవరూ ఇవ్వరు.

నీకున్న ఉద్యోగం ఒక్కటే. చేప ఎర కొరికితే మునగాలి. గుండ్లు తేలి బెండ్లు మునిగే రోజులొచ్చాయని పెద్దవాళ్లు వాపోతుంటారు కదా, ఆ రోజుల కోసమే నేను ఆరేళ్లుగా గట్టు మీద కూర్చున్నాను. సముద్రంలో వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం. నీ పుణ్యమా అని నాకు మిగతా 304 రోజులు కూడా.

అసలు మునగలేదని అబద్ధం చెప్పను. మునిగావు. చేపకి తప్ప అందరికీ మునిగావు.

మొదటిసారి నువ్వు గుటుక్కున మాయమైంది దుగ్గిరాల దగ్గర కాలువలో. నా గుండె నోట్లోకొచ్చింది. పక్కన బాబాయ్ ఉన్నాడు. నాకేమీ చుట్టం కాదు, ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరయ్యాక ఏ గట్టు మీద కూర్చుంటే ఆ గట్టుకి బాబాయ్. ‘గుంజమాక అబ్బాయ్, అది చేప బరువు కాదు’ అన్నాడు. నేను గుంజాను. ముందు ఒక ముక్కు వచ్చింది, కొసన రెండు బెజ్జాలతో, పంది ముట్టెను చిన్నగా చేసి అతికించినట్టు. దాని వెనక మెడ. ఎంత లాగినా ఇంకా మెడే. చివరికి అన్నం పళ్లెమంత మెత్త తాబేలు గడ్డి మీద పడింది. పడగానే వెనక కాళ్లు లోపలికి లాక్కుని, కింద ఉన్న తోలు మూతలు వేసేసుకుంది, మధ్యాహ్నం కొట్టువాడు షట్టర్ దించినట్టు. నోరు మాత్రం మూయలేదు. గాలం కింది దవడ మూలన దిగి ఉంది.

చేత్తో తీయబోతే ఆ మెడ వెనక్కి తిరిగి నా బొటనవేలి దాకా వచ్చింది. బాబాయ్ తువ్వాలు తడిపి తల మీద కప్పి, సైకిల్ సంచిలోంచి కట్టింగ్ ప్లేయర్ తీశాడు. పావుగంట పట్టింది. గాలం మొన దగ్గర ఒక ఎదురుముల్లు ఉంటుందే, దిగిన చేప జారిపోకుండా, అదే అడ్డం. మొనను దవడ బయటికి రానిచ్చి, ముల్లు కత్తిరించి, మిగతాది వెనక్కి తీశాడు. ఈలోగా స్కూటర్ మీద వెళ్తున్న ఒకాయన ఆగి, ‘కిలో ఎంతకిస్తారు?’ అన్నాడు. బాబాయ్ తల కూడా ఎత్తలేదు. ‘పెద్దపులి కిలో ఎంతుందో కనుక్కుని రా, అదే రేటు’ అన్నాడు. నేను జోకనుకున్నాను. తర్వాత తెలిసింది, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు కూడా మొదటి షెడ్యూల్లోనే ఉంది, పులితో పాటు. అంటే ఆ రోజు నేను తెలియకుండానే పులికి గాలం వేశాను. ఆ భయంతోనే ఇప్పుడు ప్రతి గాలానికీ ఆ ముల్లు నొక్కేసి వాడుతున్నాను. పడ్డ చేప జారిపోయిందంటే కారణం కూడా చేతిలో ఉంటుంది.

ఇంతా జరుగుతుంటే నువ్వు గట్టు మీద వెల్లకిలా పడి ఎండ కాచుకుంటున్నావు.

నీరుకట్టె సంగతి ఎక్కువ చెప్పను. బకెట్లో ఉన్న నాలుగు పరిగెల్లో రెండింటిని తిని, మూడోదాన్ని అడ్డంగా కరుచుకుని వెళ్లింది, అంతే. విషం లేదు గానీ కోపం బాగా ఉన్న పాము. దాన్ని గట్ల మీద అన్నిసార్లు చూడబట్టే 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు సింగ్ నగర్ చుట్టాలు నాకు వీడియోలు పంపారు. ‘బావా, ఇది కట్లపామా?’ వాళ్ల మెట్ల మీద చుట్టుకుని ఉన్నది పాపం నీరుకట్టె, వాళ్లలాగే ఇల్లు మునిగి బయటపడ్డది. కర్ర కింద పెట్టమన్నాను. ఆ చుట్టాల్లో నాకున్న గౌరవమంతా ఆ ఒక్క వీడియో వల్ల వచ్చిందే. అందులో నీ పాత్ర ఏమీ లేదు.

గరుడ పక్షి దగ్గర మాత్రం నీకు కొంత వాటా ఉంది. ఆ రోజు నువ్వు సరిగ్గానే మునిగావు, నేను సరిగ్గానే లాగాను, అరచేయంత జిలేబి చేప గాల్లో ఊగుతూ వచ్చింది. బ్యారేజీ కింద, గేట్లు ఎత్తినప్పుడు సుళ్లలో తిరిగి తికమకపడ్డ చేపల కోసం కొంగలూ నీటికాకులూ మనుషులూ వరసకట్టే చోటు అది. తెల్లటి తల, ఇటుక రంగు రెక్కలు పై నుంచి జారినట్టు వచ్చి, దారం మీదున్న చేపను ఒంటికాలితో తీసుకెళ్లాయి. ముల్లు నొక్కేసిన గాలం కదా, చక్కగా జారి వచ్చేసింది. పక్కన బాబాయ్ చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించాడు. ‘గరుత్మంతుడు దర్శనమిచ్చాడు అబ్బాయ్, మంచి జరుగుద్ది.’ జరిగింది. ఆయనకి.

ఇక నీ నిశ్చల సమాధి గురించి. పోయిన సంక్రాంతి ముందు వెంకటపాలెం వైపు లంకల్లో, పొగమంచు ఇంకా విడవక ముందు, రెండు గంటల పాటు నువ్వు ఈగ వాలినంత కూడా కదల్లేదు. కొంగ జపం అంటారే, కొంగైనా మధ్యలో ఒక కాలు మారుస్తుంది. నేను గాలం లోతు మార్చాను, ఎర్రలు తీసి పిండి ముద్ద పెట్టాను, నిన్ను తిట్టాను. తర్వాత జమ్ము వెనక నుంచి పిల్లల ఈలల్లాంటి అరుపులు వినిపించాయి. నీటికుక్కలు. ఐదు. నదికి అడ్డంగా బారు కట్టి చేపల్ని తోలుకొస్తున్నాయి. నా ముందున్న చేపలు ఎప్పుడో పరారయ్యాయి, నీకు ఆ సంగతి తెలిసి కూడా నాతో అనలేదు.

ఒకటి ఇసుక మీదికొచ్చి, ముందరి కాళ్లతో చేపను పట్టుకుని తల వైపు నుంచి మొదలుపెట్టింది. కరకర శబ్దం నాకు స్పష్టంగా వినబడింది, మిక్చర్ పొట్లం పక్కవాడు తింటుంటే వినబడ్డట్టు. తింటూ నన్నే చూసింది. మెడ నిలువుగా లేపి, నా కర్ర చూసి, నా బకెట్ చూసి, మళ్లీ తిండిలో పడింది. వలల వాళ్లు వీటిని దొంగలంటారు. రెండు గంటలు కూర్చుని ఒక్క చేప పట్టలేని నేను ఆ మాట అనడానికి మొహం చెల్లలేదు. తిన్నాక ఐదూ ఇసుకలో పొర్లి ఒళ్లు తుడుచుకుని వెళ్లిపోయాయి.

అయినా నీ మీద నాకున్న అసలు కోపం లకుముకి పిట్ట రోజుది.

పున్నమి ఘాట్ దాటాక, భవానీ ద్వీపం కనబడే గట్టు. సాయంత్రం. చిన్న నీలి లకుముకి ఒకటి నీళ్ల మీదుగా గీత గీసినట్టు వచ్చి, నా కర్ర కొసన వాలింది. ముప్పై గ్రాములుంటుందో లేదో. అయినా కర్ర వణికింది, దారం వణికింది, నువ్వు వణికావు, నీ చుట్టూ నీళ్లలో ఒక సున్నా విచ్చుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. కింది ముక్కు నారింజ రంగులో ఉంది, అంటే ఆడది. రెండుసార్లు తల ఆడించి, నీకు జానెడు దూరంలో దబ్బున దూకి, పరిగెతో పైకొచ్చి మళ్లీ నా కర్ర మీదే కూర్చుంది. ఆ చేపను కర్రకేసి కొట్టింది, ఈ పక్కొకటి, ఆ పక్కొకటి. ఆ దెబ్బలు కర్ర వెంట నా అరచేతిలోకి వచ్చాయి. ఆరేళ్లలో నా కర్ర మీద చేప బరువు నేను అంత బాగా ఎరిగింది అప్పుడే. తల వైపు నుంచి మింగి, మళ్లీ దూకింది. పది నిమిషాల్లో మూడు. చెవి మీద దోమ కుడుతున్నా కదల్లేదు. నాలుగోదానికి తల ఆడిస్తుండగా ఫోన్ మోగింది. పాల ప్యాకెట్ తెమ్మని.

(2018లో మన రాష్ట్ర పక్షిగా రామచిలుకను ప్రకటించారు. జామకాయల దొంగకి పదవి ఇచ్చారు, కష్టపడి మునిగి తినేదాన్ని వదిలేశారు. సరే, అది వేరే ఉత్తరం.)

ఆ పది నిమిషాలూ నీ పక్కనే చేపలున్నాయి, చూశావుగా? మూడు. ఒక్కటి కూడా నా ఎర వైపు రాలేదు, నువ్వు ఒక్క మాట సాయం చేయలేదు.

మరి మొన్న ఆదివారం ఏమైంది నీకు? రైవస్ కాలువ, ఉదయం ఏడు. నువ్వు ఊగలేదు, తడబడలేదు. లిఫ్టులో దిగే పెద్దమనిషిలా నిలువుగా, నెమ్మదిగా దిగిపోయావు. కర్ర వంగింది, దారం టప్పుమంది. అరనిమిషానికి ముప్పై అడుగుల అవతల తేలావు. తేలి, పారుదలకి ఎదురుగా, బ్యారేజీ వైపు నడుచుకుంటూ వెళ్లావు. మా ఆవిడ ప్లాస్టిక్ కవరు పట్టుకుని ఉంటుందంది. కవరు ఎదురీదుతుందా? బాబాయ్ వాలుగ అన్నాడు. ఆదివారం అది ఐదు కిలోలు, బుధవారానికి ఎనిమిదైంది. తాబేలేమోనని నాకు బెంగ. ముల్లు నొక్కేశాను కాబట్టి గాలం ఊడిపోతుందని ధైర్యం చెప్పుకుంటున్నాను. ఇప్పుడు నువ్వు గుర్రపు డెక్క అంచున ఆగి, ఉండుండి ఒకసారి మునిగి లేస్తున్నావు. పక్కనే ఒక గుడ్డికొంగ మెడ ముడుచుకుని నిన్నే చూస్తోంది.

కింద ఉన్నది ఎవరో తెలిసింది నీకొక్కడికే. చెప్పు.

ఇట్లు,
కర్ర పట్టుకుని గట్టు మీద ఉన్నవాడు

తా.క.: నాన్న ఆరేళ్లుగా అటక మీద దాచిన రెండో చెప్పు నిన్న దింపాడు. జత దొరికిందేమో చూడమన్నాడు. కాలువలో ఉందని చెప్పలేక, ఇటివ్వు అని తీసుకున్నాను. మడమ దగ్గర కోశాను. నీకంటే కాస్త లావుగా వచ్చింది.