నంబరు కరెక్టే, బొమ్మే తేడా

సార్వా దమ్ములకి (వానాకాలం వరి నాట్ల కోసం చేలో నీళ్లు పెట్టి బురద దున్నడానికి) నాలుగు రోజుల ముందు నాన్నగారు ఫోన్ చేసి, ఒరే తణుకులోనే దిగుతావు కదా, ట్రాక్టర్‌కి ఇంజన్ ఆయిల్ పట్రా, మీటర్ 250 గంటలు దాటేసింది అన్నారు. ఏ ఆయిలండీ అంటే "మనం పోసేదేరా" అన్నారు. దసరాకి ఆ బండి టైరు కింద నిమ్మకాయ పెట్టడం తప్ప నాకు దాంతో వేరే సంబంధమే లేదు. మళ్లీ గుచ్చి అడిగితే 20డబ్ల్యూ-40, ఏడు లీటర్లు అన్నారు.

షాపులో జనం. కుర్రాడు ఏ బండికని అడగాలి కదా, అడగలేదు, నేనైనా చెప్పాలి కదా, చెప్పలేదు. ఏడు లీటరు డబ్బాలు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. ఊరుకోకుండా పక్కనున్న పెద్దాయనకి, డబ్ల్యూ అంటే వింటర్ అండీ, 40 అంటే మన ఎండకి అని క్లాసు పీకా. (40 ఎండకి కాదు, ఇంజన్ కాగి 100 డిగ్రీలకొచ్చినప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే నంబరు అని తర్వాత తెలిసింది. పాపం ఆయన బుద్ధిగా తలూపాడు.)

ఇంటికెళ్లేసరికి మెకానిక్ బాబాయి పాత ఆయిలంతా కార్చేసి, కొత్త ఫిల్టర్ కూడా బిగించేసి బీడీ కాలుస్తున్నాడు. ఒక డబ్బా సీలు తీశాక బొమ్మ చూశాడు.

"అబ్బాయ్, దీని మీద మోటార్‌సైకిలుందేంటి?"

"నంబరు అదే కదా బాబాయ్!"

"నంబరు చిక్కదనానికయ్యా. కింద అక్షరాలు చూడు, ఎస్‌తో మొదలైతే పెట్రోలుది, సీతో మొదలైతే డీజిలుది. డీజిలింజను మసి పుట్టిస్తాది, ఆ మసి గెడ్డ కట్టకుండా పట్టుకునే మందు దీంట్లో అంతుండదు. రోజంతా దమ్ములో రొప్పే బండికి ఇది పోస్తే..." అని ఆపి నాన్నగారి వైపు చూశాడు. నాన్నగారు ట్రాక్టర్ వైపు చూశారు. అది కడుపు కోసి డాక్టరు టీకెళ్లిపోయిన పేషెంట్‌లా ఉంది. అవతల చేలో నీళ్లు పెట్టేసున్నాయి.

సీలున్నవి ఆరు మార్పించుకుందామంటే బిల్లు లేదు. బస్సులో దాంట్లో వేరుశెనగ తొక్కలు చుట్టి కిటికీలోంచి పడేశా. నాన్నగారు ఒక్క మాట కూడా అనకుండా (అదే భయం) తమ్ముడి బండెక్కి తణుకెళ్లి, ట్రాక్టర్ బొమ్మున్న డబ్బా తెచ్చారు.

సాయంత్రం వీధిలో బళ్లున్నవాళ్లందరికీ కబురెళ్లింది, మావాడు హైదరాబాద్ నుంచొచ్చి ఆయిల్ పంచుతున్నాడని. బండికి లీటరు లోపే పడుతుంది కాబట్టి ఏడు బళ్లకి సరిపోవాలి. నలుగురు సంతోషంగా పోయించుకున్నారు. ఐదోవాడిది కొత్త బండి, బుక్కు తీసి చూపించి మాది 10డబ్ల్యూ-30 అండి అని వెళ్లిపోయాడు, అది విని వెనకున్న ఇద్దరూ కూడా జారుకున్నారు. మూడు డబ్బాలు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

మొన్న ఫోన్ చేసి సంక్రాంతికి వస్తున్నా నాన్నగారూ, ఏమన్నా తేవాలా అన్నా.

"ఖాళీ చేతుల్తో రా నాన్నా" అన్నారు.