ఎర్ర కార్డు కావలెను

తెలుగువాడికి ఆత్మవిశ్వాసం తక్కువని మొదట కనిపెట్టినదెవరో గాని, ఆయన మన పెళ్లిళ్లలో ఒక్కదానికైనా వచ్చి ఉండడు. పంక్తిలో కూర్చున్నవాడు పప్పులో ఉప్పు దగ్గర మొదలుపెట్టి, పెరుగన్నం వచ్చేలోగా అమెరికా వీసాల దాకా తన నిశ్చితాభిప్రాయాలన్నీ ప్రకటించేస్తాడు. ఆర్టీసీ బస్సులో పక్క సీటాయనకు మూత్రపిండంలో రాయి ఉందని తెలిస్తే చాలు, మన స్టాపు వచ్చేలోగా మందు, పథ్యం, వైద్యుడి చిరునామా, ఆ వైద్యుడు నచ్చకపోతే ఇంకో వైద్యుడి చిరునామా చెప్పి మరీ దిగుతాం. ఇంతటి వాగ్ధాటి గల జాతి పిల్లలు మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పని గంటలు అయ్యాక టోస్ట్‌మాస్టర్స్ అనే క్లబ్బు పేరిట ఒక గదిలో చేరి, నలుగురిలో నోరు విప్పడం ఎలాగో చందా కట్టి నేర్చుకుంటున్నారు. ప్రజాప్రయోజనం దృష్ట్యా ఈ విషయాన్ని కూలంకషంగా విచారించవలసిన అగత్యం ఏర్పడింది.

ఈ విద్యకు ఆద్యుడు రాల్ఫ్ స్మెడ్లీ అనే అమెరికా దేశస్థుడు. వైఎంసీఏలో ఉద్యోగం. ఊళ్లో కుర్రాళ్లకు నిలబడి మాట్లాడటం, సభ నడపడం చేతకావడం లేదని గమనించి 1905లో ఇలినాయ్ రాష్ట్రం బ్లూమింగ్టన్‌లో ఒక క్లబ్బు పెట్టాడు. ఆయనకు బదిలీ అయింది, క్లబ్బు అటకెక్కింది. (అధికారి బదిలీతో పథకం మూలపడటం మన జిల్లా కార్యాలయాల సొంత ఆవిష్కరణ అని గర్వపడేవారు ఇకనైనా తగ్గాలి.) ఆయన పట్టు వదలకుండా 1924 అక్టోబరు 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, వైఎంసీఏ భవనం నేలమాళిగలో మళ్లీ మొదలుపెట్టాడు. అదే నిలదొక్కుకుని టోస్ట్‌మాస్టర్స్ అయింది. 1932లో సంస్థగా నమోదై, ఇప్పుడు నూరేళ్లు దాటించి, మన హైటెక్ సిటీ లిఫ్టులెక్కి పై అంతస్తులకు చేరింది. నేలమాళిగ అన్న మాటను పాఠకులు తేలికగా తీసుకోకూడదు. మాట్లాడటం నేర్చుకుంటున్నవాళ్లను ఊరి జనానికి వినపడని చోట పెట్టాలన్న ఇంగితం ఆయనకు ఉంది. మనవాళ్లు నేర్చుకునేదే రామాలయం ముందు, నాలుగు దిక్కులా లౌడ్ స్పీకర్లు కట్టించి.

మరో సంగతి. ధైర్యంగా మాట్లాడటం నేర్పే ఈ సంస్థకు, ఆడవాళ్లు మాట్లాడితే కూర్చుని వినే ధైర్యం రావడానికి 1973 దాకా పట్టింది. అంతకు మూడేళ్ల ముందే హెలెన్ బ్లాంచర్డ్ అనే ఆవిడ చేరాలనుకుంటే, ఆమె పేరును కాగితాల మీద ‘హోమర్’ అని మార్చి, మగవాడి లెక్కలో సభ్యత్వం ఇప్పించారు. ఆ హోమరే 1985లో సంస్థకు తొలి మహిళా అంతర్జాతీయ అధ్యక్షురాలైంది. అంటే సభాకంపం వక్తకే ఉంటుందనుకోవడం పొరపాటు. ఎదురుగా కూర్చున్న సభకు కూడా కంపం ఉంటుంది. దానికి మాత్రం ఇంతవరకు ఎవరూ క్లబ్బు పెట్టలేదు.

ఇక పద్ధతులు. ఇక్కడ వక్తకు శత్రువులు ఇద్దరు. ఒకరు సమయపాలకుడు. మామూలు ప్రసంగానికి అయిదు నుంచి ఏడు నిమిషాలు. అయిదు కాగానే పచ్చ కార్డు, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు. పోటీల్లో ఏడున్నర నిమిషాలు దాటితే ఎంత గొప్ప ఉపన్యాసమైనా లెక్కలోంచి తీసేస్తారు. నాలుగున్నర లోపే ముగించినా అంతే. కొత్తగా చేరినవాడు తన గురించి తాను చెప్పుకునే తొలి ప్రసంగానికి నాలుగు నుంచి ఆరు. మొత్తం జీవితానికి ఆరు నిమిషాలు! మన సన్మాన సభల్లో సన్మానితుడి పుట్టిన ఊరి స్థలపురాణానికే అంతకు రెట్టింపు పడుతుంది.

రెండో శత్రువు ‘ఆ-కౌంటర్’. వక్త ఎన్నిసార్లు ‘ఆ...’, ‘ఊ...’ అంటూ నసిగాడో కాగితం మీద గీతలు గీసి, చివర్లో అందరి ముందూ చదివి వినిపించడం ఈయన ఉద్యోగం. కొన్ని చోట్ల నసిగినప్పుడల్లా గంట కూడా కొడతారు. ఇంగ్లీషులో ఆ రెండు శబ్దాలకు కాపు కాస్తే సరిపోతుందేమో. తెలుగులో ఈ పదవికి ఒక మనిషి చాలడు. ‘అంటే’కు ఒకరు, ‘ఏమిటంటే’కు ఒకరు, ‘అదే’, ‘మరి’, ‘ఇకపోతే’లకు కలిపి ఇద్దరు, ‘ఈ సందర్భంగా’కు ప్రత్యేకంగా ఒక సీనియర్ అధికారి ఉండాలి. ‘ఈ సందర్భంగా మరి అంటే ఏమిటంటే’ అన్న వాక్యం మన ప్రాంతంలో కర్త, కర్మ, క్రియ ఏవీ లేకుండానే సంపూర్ణంగా చలామణీ అవుతోంది. జనం చప్పట్లు కొట్టిన సందర్భాలు నాకు తెలుసు.

మనకు ఈ విద్య కొత్తా అంటే, ఎంతమాత్రం కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఒకే మనిషిని నమిలేస్తారు. నిషిద్ధాక్షరిలో వక్త నోట్లోంచి తరువాత రాబోయే అక్షరాన్ని ఊహించి, అది వాడకూడదని ముందే అడ్డం కొడతారు. ఒకాయనకైతే అప్రస్తుత ప్రసంగం చేసి ఏకాగ్రత చెడగొట్టడమే పని. ఈ మధ్యలో ఎక్కడో గంట మోగుతుంటే అది ఎన్నిసార్లు మోగిందో కూడా అవధానే చివర్లో చెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఇలాంటి పరీక్షలను ఊరూరా తిరిగి వెతుక్కుని మరీ నెగ్గారు. అవధానంలో గంటలను వక్త లెక్కపెడతాడు; క్లబ్బులో వక్తను గంట లెక్కపెడుతుంది. మనం ఇంతలో ఎంత ముందుకు వచ్చామో దీన్నిబట్టి గ్రహించవచ్చు. అవధాని పోయినా అప్రస్తుత ప్రసంగి మాత్రం ప్రతి వేదిక మీదా క్షేమంగా ఉన్నాడు.

ఒక పుస్తకావిష్కరణను ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాదు రవీంద్రభారతి అనుకోండి, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం అనుకోండి, తేడా ఏమీ ఉండదు. ఆహ్వాన పత్రికలో ఆరు గంటలని ఉంటుంది కాబట్టి ఏడింటికి మొదలవుతుంది. వేదిక మీద సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. ఈ అయిదుగురి మధ్య తేడా ఏమిటో ఆహ్వాన పత్రిక అచ్చు వేసినవాడికి కూడా తెలియదు గాని, ఒకరి పేరు ఇంకొకరి కింద పడితే మాత్రం మూడేళ్లు మాటలుండవు. మొదటి ఆయన తాను పుస్తకం చదవలేదని వినయంగా ఒప్పుకుని, ఆ చదవని పుస్తకం మీద అరగంట మాట్లాడతాడు. రెండో ఆయన మొదటి ఆయన అన్నీ చెప్పేశారని, తనకు చెప్పడానికేమీ మిగల్లేదని చెప్పి, ఆ మిగలనిదాన్ని నలభై నిమిషాలు చెబుతాడు. మధ్యలో శాలువాలు. ప్రతి శాలువాకూ ఫొటో, ఫొటో సరిగా రాకపోతే శాలువా తీసి మళ్లీ కప్పడం. చివరికి ఆ పుస్తకం రాసిన మనిషి లేచేసరికి వాచ్‌మన్ వెనక వరుస లైట్లు ఆర్పుతుంటాడు. ‘సమయాభావం వల్ల రచయిత క్లుప్తంగా తమ స్పందన తెలియజేస్తారు’ అని ప్రకటన వస్తుంది.

ఈ వేదిక మీద ఎవరికైనా ఆత్మవిశ్వాసం తక్కువైందా? లెక్కలు తేల్చి చూస్తే రాష్ట్రానికి కావలసినంత ధైర్యం రాష్ట్రంలోనే ఉంది. నదీజలాల మాదిరిగా దాని పంపకమే తేడాగా జరిగింది. ఎగువ వాళ్లు గేట్లు ఎత్తి వదులుతున్నారు, దిగువ కాలువల్లో చుక్క లేదు. క్లబ్బుల వాళ్లేమో ఎండిన కాలువ దగ్గర కూర్చుని, పారడం ఎలాగో దానికి పాఠం చెబుతున్నారు.

దిగువ సంగతి కూడా చూడాలి కదా. ఆ పిల్లలకు భయం సభంటే కాదు. ఊళ్లో రేషను డీలరు తూకంలో మోసం చేస్తే చొక్కా పట్టుకుని అడిగిన కుర్రవాడే, ఉద్యోగం ఇచ్చే గదిలో ‘నీ గురించి చెప్పు’ అని ఇంగ్లీషులో అడిగేసరికి తన పేరు తప్ప మిగతా జీవితమంతా మరిచిపోతాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆపైన నాలుగేళ్లు ఇంజనీరింగ్. ఆ నాలుగేళ్లలో అతనితో ఎవరైనా ఇంగ్లీషులో మాట్లాడింది హాజరు పిలిచేటప్పుడే. అలాంటివాడికి ఈ క్లబ్బు మేలు చేస్తుంది, కాదనను. తప్పు మాట్లాడితే నవ్వని పాతిక మంది ఒకచోట దొరకడం మన దేశంలో చిన్న విషయం కాదు. ఇంట్లో అయితే బాబాయే నవ్వుతాడు. పైగా ఇక్కడ మాట్లాడటం మొదలుపెట్టే ముందూ చప్పట్లే, ముగించాకా చప్పట్లే. విమర్శ చెప్పవలసినవాడు కూడా ముందొక మెప్పు, వెనకొక మెప్పు పెట్టి, మాత్రను బెల్లంలో చుట్టి మింగించినట్టు మింగిస్తాడు. బయటి లోకంలో ఈ రాయితీ ఉండదన్న సంగతి మాత్రం చందా రసీదు వెనక ఎక్కడా అచ్చు వేయరు.

అందుచేత నా సూచన స్పష్టం. ఉన్న క్లబ్బులను ఉన్నచోటే ఉంచి, సమయపాలకులను మాత్రం ప్రభుత్వం తక్షణమే స్వాధీనం చేసుకోవాలి. వాళ్లకు గెజిటెడ్ హోదా ఇచ్చి జిల్లాకు ఇంతమంది చొప్పున ఆవిష్కరణ సభలకు, సంస్మరణ సభలకు, పాఠశాల వార్షికోత్సవాలకు పంపాలి. శాసనసభలో ఇలాంటి ఏర్పాటు ఉందని కొందరు గుర్తు చేయవచ్చు. నిజమే, అక్కడ మైకు ఆగిపోతుంది. కాకపోతే అది గడియారాన్ని చూసి ఆగదు, మాట్లాడేవాడు ఏ వరుసలో కూర్చున్నాడో చూసి ఆగుతుంది. అలాంటి తెలివి మితిమీరిన పరికరం మనకు వద్దు. మూడు రంగుల అట్టముక్కలు చాలు.

అయితే ఆచరణలో ఒక చిక్కు ఉందని, ఇదే పద్ధతిలో నడిచే ఒక క్లబ్బు వార్షికోత్సవానికి ప్రేక్షకుడిగా వెళ్లినప్పుడు తెలిసింది. ఆ రోజు ఒక పల్నాడు కుర్రవాడి తొలి ప్రసంగం ఉంది. ఇంగ్లీషులోనే మొదలుపెట్టాడు. గుంటూరు మిర్చి యార్డులో రాత్రంతా టిక్కీల మీదే, అంటే మిర్చి బస్తాల మీదే, పడుకున్న తన తండ్రి, తెల్లవారాక వచ్చిన వ్యాపారి ఒక కాయ తీసి విరిచి, గింజలు అరచేతిలో పోసుకుని చూసి, ధర చెప్పబోయే ముందు ఆగుతాడే, ఆ క్షణంలో తలపాగా విప్పి మళ్లీ ఎందుకు చుట్టుకునేవాడో చెప్పాడు. చెబుతూ చాలాసార్లు ఆగాడు. ప్రతి ఆగడానికీ వెనక కుర్చీలోంచి గంట మోగింది. మూడు నిమిషాల చిల్లరకే ముగించి కూర్చున్నాడు. సమీక్షకుడు లేచి, చిరునవ్వు బాగుందని, చేతులు జేబులో పెట్టుకోకూడదని, చొక్కా రంగు వేదికకు నప్పిందని చెప్పాడు. నిమిషం తక్కువైంది కాబట్టి ఉత్తమ వక్త ఓటింగుకు అనర్హుడని సమయపాలకురాలు ప్రకటించింది. ఆ రోజు మిర్చికి ధర ఎంత పలికిందని ఎవరూ అడగలేదు.

తరువాత ముఖ్య అతిథి లేచారు. నియోజకవర్గంలో పేరున్న పెద్దమనిషి. క్లబ్బు నియమాల ప్రకారం ఆయనకూ ఏడు నిమిషాలే అని నిర్వాహకులు ముందే విన్నవించుకున్నారట. అయిదు నిమిషాలకు ఆ అమ్మాయి పచ్చ కార్డు ఎత్తింది. పచ్చదనం మీద యువతకున్న శ్రద్ధను మెచ్చుకుని, ఆయన మొక్కల పెంపకంలోకి వెళ్లారు. ఆరుకు పసుపు కార్డు ఎత్తింది. ఆయన ముఖం కాస్త గంభీరమైంది. ‘ఇది పార్టీలకు అతీతమైన వేదిక అమ్మా, జెండాలు వద్దు’ అని మందలించి, కొనసాగించారు. ఏడుకు ఎర్ర కార్డు లేచింది. ఆయన రెండు చేతులూ జోడించి, ‘కమ్యూనిస్టు మిత్రులు కూడా వచ్చారు, చాలా సంతోషం’ అన్నారు. ఆ ఊపులో కార్మికుల సమస్యలు ఎత్తుకున్నారు. ఆ అమ్మాయి కార్డును దించకుండా చాలాసేపు నిలబడింది. చెయ్యి లాగినప్పుడు రెండో చేతికి మార్చుకుంది.

యాభై నిమిషాల తరువాత ఆ-కౌంటర్ తన కాగితం తీశాడు. దాని మీద ఒక్క గీత లేదు. యాభై నిమిషాల్లో ఆయన ఒక్కసారి తడబడలేదు, ఒక్క ‘ఆ’ అనలేదు, ఊపిరి తీసుకున్నట్టు కూడా ఎవరికీ గుర్తులేదు. క్లబ్బు చరిత్రలో ఇదే మొదటిసారని నిర్వాహకులు గుసగుసలాడుకున్నారు. సమయం మించిన కారణంగా ఆయనా అనర్హుడే. కానీ నిబంధన పెద్దదా, పెద్దమనిషి పెద్దవాడా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మనవాళ్లు ఎప్పుడూ పొరపాటు చేయరు. ఉత్తమ వక్త రిబ్బను ఆయన చొక్కాకు గుచ్చారు. పల్నాడు కుర్రవాడు కూడా లేచి అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

రిబ్బను సవరించుకుంటూ ఆయన మళ్లీ మైకు దగ్గరికి వచ్చారు, ధన్యవాదాలుగా రెండు మాటలు చెబుతానని.