రెండు పట్టాలు సరే, రెండో భాష ఎక్కడ?

బహుభాషా కమ్యూనికేషన్‌లో అంతర్జాతీయ మాస్టర్స్. రెండు దేశాలు, రెండు యూనివర్సిటీలు, చివర్లో రెండు పట్టాలు. కోర్సు వివరాలు చదువుతుంటే ఎవరికైనా నోరూరుతుంది. 'బోధనా భాష' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొన్నిచోట్ల ఒక్కటే మాట కనిపిస్తుంది: ఇంగ్లీషు. మొదటి దేశంలోనూ ఇంగ్లీషే, రెండో దేశంలోనూ ఇంగ్లీషే. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత ఇలాంటి కోర్సుల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

అన్నీ ఇలాంటివే అనడం లేదు. నిజంగా రెండు భాషల్లో నడిచేవి ఉన్నాయి, వాటి సంగతికి వస్తాను. ముందు నా మాట చెప్పేస్తాను. రెండో దేశంలో, అక్కడి భాషలో పరీక్ష రాయని, వాదించని, నాలుగుసార్లు తడబడి నవ్వులపాలు కాని విద్యార్థికి 'బహుభాషా' అన్న పేరుతో పట్టా ఇవ్వకూడదు. ఇస్తే అది పట్టా పుచ్చుకున్నవాళ్లకే అన్యాయం.

డ్యూయల్ డిగ్రీ లెక్క చాలామందికి తెలిసిందే. యూరప్‌లో 1999 నాటి బొలోన్యా ప్రకటన (ఉన్నత చదువుల పద్ధతులను దేశాల మధ్య పొందిక చేసేందుకు చేసుకున్నది) తర్వాత స్థిరపడిన పద్ధతి ప్రకారం రెండేళ్ల మాస్టర్స్‌కు 120 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. ఏడాది ఒకచోట, ఏడాది మరోచోట చదువుతారు. ఒక యూనివర్సిటీ ఇచ్చిన క్రెడిట్లను రెండోది ఒప్పుకుంటుంది కాబట్టి, విడివిడిగా చేస్తే 240 క్రెడిట్లు కావాల్సిన రెండు పట్టాలు 120తోనే చేతికొస్తాయి. జాయింట్ డిగ్రీ వేరు. అందులో యూనివర్సిటీలన్నీ కలిసి ఒకే పట్టా ఇస్తాయి.

ఇక్కడే నాకు ఒక అనుమానం. ఒక టికెట్ మీద రెండు సినిమాలు చూపిస్తున్నప్పుడు, ఆ రెండో సినిమా ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? తగ్గిన 120 క్రెడిట్ల పనికి బదులుగా విద్యార్థి చేసిందేమిటి? దీనికి నాకు తెలిసి ఒక్కటే న్యాయమైన జవాబు ఉంది. మరో భాషలో, మరో చదువుల సంప్రదాయంలో నెగ్గుకు రావడం. ఆ కష్టమే రెండో పట్టాకు కట్టిన వెల. దాన్ని తీసేస్తే మిగిలేది ఒకే చదువుకు రెండు ముద్రలు.

ఆ వెల వసూలు చేసే ఏర్పాటు ఎలా ఉంటుందో చూడాలంటే ఫ్రాన్స్, జర్మనీల వైపు చూడాలి. 1963 ఎలిజే ఒప్పందంతో మొదలైన దగ్గరితనం 1997 వైమార్ ఒప్పందంతో ఫ్రాంకో-జర్మన్ యూనివర్సిటీ దాకా వచ్చింది. దాని ప్రధాన కార్యాలయం జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో ఉంది. పేరుకు యూనివర్సిటీయే గానీ సొంత క్యాంపస్ లేదు. రెండు దేశాల విద్యాసంస్థలు కలిసి నడిపే కోర్సులకు అదొక గొడుగు. ఆ కోర్సుల్లో చదువుకాలాన్ని రెండు దేశాల మధ్య ఇంచుమించు సమానంగా పంచుతారు, పట్టా రెండు వైపులా వస్తుంది.

ఇలాంటి చదువులో పాఠ్యప్రణాళికలో ఎక్కడా రాయని పాఠాలే ఎక్కువ. మార్కులనే తీసుకోండి. ఫ్రాన్స్‌లో 20కి వేస్తారు. 10 వస్తే గట్టెక్కినట్టు, 16, ఆపైన వస్తే 'చాలా బాగుంది' అన్న శ్రేణి. 20కి 20 అన్నది దాదాపు ఊహకే పరిమితం. జర్మనీలో అంకె తిరగబడుతుంది. 1 అన్నిటికన్నా మేలు, 4 వస్తే బతికిపోయినట్టు, 5 అంటే తప్పినట్టు. ఫ్రాన్స్‌లో 14 తెచ్చుకున్న పిల్ల, మిగతా ఆరు మార్కులు ఎక్కడ పోయాయో ఇంట్లోవాళ్లకు ఫోన్‌లో వివరించుకోవాలి. నిజానికి అది మంచి మార్కే. అంకెకు కూడా అనువాదం కావాలని మొదటి సెమిస్టర్‌లోనే తెలిసిపోతుంది.

రాత కూడా అంతే. ఫ్రెంచి పద్ధతిలో వ్యాసానికి ముందు పథకం ఉండాలి. ఉపోద్ఘాతంలోనే ఏ భాగంలో ఏం చెప్పబోతున్నావో ప్రకటించాలి, భాగాల మధ్య తూకం చెడకూడదు. జర్మన్ యూనివర్సిటీలో సెమిస్టర్ ముగిశాక రాసి ఇచ్చే 'హౌస్‌ఆర్బైట్' మరో రకం. ఒక చిన్న ప్రశ్న పట్టుకుని, దాని మీద ఇంతవరకు ఎవరేమన్నారో తవ్వి, పాదసూచికలతో సహా నిలబెట్టాలి. అక్కడ మెరిసిన శైలి ఇక్కడ ఊకదంపుడుగా కనిపించొచ్చు. ఇక్కడ మెచ్చుకున్న వివరం అక్కడ చాదస్తం అనిపించొచ్చు. ఒకే బుర్ర, ఒకే విషయం, రెండు రకాల 'బాగా రాయడం'. దీన్ని ఇంగ్లీషు పవర్‌పాయింట్‌లో 'సంస్కృతుల మధ్య తేడాలు' అన్న శీర్షిక కింద నాలుగు చుక్కలు పెట్టి చెప్పొచ్చు. ఎవరికీ ఏమీ అంటదు.

అన్నిటికన్నా పెద్ద పాఠం, నలుగురిలో చిన్నబోవడం. సొంత భాషలో చమత్కారంగా మాట్లాడే మనిషి రెండో భాషలో అమాయకుడిలా కనిపిస్తాడు. జర్మన్ ఉపవాక్యంలో క్రియ చివరికి వెళ్తుంది. (క్రియ కోసం చివరిదాకా ఆగడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు, ఇది మాత్రం మనకు కలిసొచ్చే సంగతి.) ఆ క్రియను సరైన చోట పెట్టేసరికి చర్చ ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. భాష బాగా వచ్చని చెప్పే పై స్థాయి సీ1 సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఈ టెన్షన్ తప్పదు. ఒక ఆసుపత్రి కరపత్రమో, ప్రమాద హెచ్చరికో, శరణార్థులకిచ్చే ఫారమో రాయబోయే మనిషికి ఈ అనుభవం ఉండి తీరాలి. ఆ కాగితం అందుకునేవాళ్లలో చాలామంది రోజూ ఇలా చిన్నబోతూ బతికేవాళ్లే.

1945 నవంబరు 20న నాజీ నాయకుల మీద న్యూరెంబర్గ్ విచారణ మొదలైనప్పుడు దుబాసీలు ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ భాషల మధ్య అప్పటికప్పుడు మాటలు మార్చి వినిపించారు. మాట్లాడేవాళ్లు తొందరపడితే పసుపు దీపం వెలిగేది, ఆగమంటే ఎర్ర దీపం. జర్మన్ వాక్యం చివర క్రియ వచ్చేదాకా నిందితుడు ఏం చేశానంటున్నాడో చెప్పలేని పరిస్థితి. ప్రాణాలు వేలాడుతున్న చోట అరక్షణం ఆగడం ఎలాగో ఏ పుస్తకం నేర్పుతుంది? ద్విభాషి అన్న మాట నుంచి వచ్చిన 'దుబాసి' అన్న మన పదంలోనే రెండు భాషలున్నాయి. ఒక భాష తెలిసినవాణ్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు.

బహుభాషా కమ్యూనికేషన్ అంటే అనువాదమే కదా అనుకునేవాళ్లకు 1967 నవంబరు 22 నాటి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 242వ తీర్మానం చూపించాలి. ఆ ఏడాది యుద్ధంలో ఆక్రమించిన చోట్లలో ఇజ్రాయెల్ సేనలు వెనక్కి రావాల్సింది ఎక్కడి నుంచి? ఇంగ్లీషు పాఠంలో 'టెరిటరీస్ ఆక్యుపైడ్' అని ఉంది, ముందు 'ది' లేదు. కాబట్టి కొన్ని ప్రాంతాల నుంచి చాలని ఒక వాదం. ఫ్రెంచి పాఠంలో 'దె టెరిటువార్' అని ఉంది. ఆ 'దె'లో నిర్దేశం కలిసే ఉంటుంది కాబట్టి ఆక్రమించిన ప్రాంతాలన్నిటి నుంచీ అని మరో వాదం. దశాబ్దాలుగా ఆ తగువు తేలలేదు. ఇదే వాక్యాన్ని తెలుగులోకి తెస్తే 'ఆక్రమించిన ప్రాంతాల నుంచి' అవుతుంది. తగువుకు కారణమైన ఆ చిన్న ముక్క మన భాషలో అసలు లేనే లేదు. ఇటు ఫ్రెంచిలోనూ అటు ఇంగ్లీషులోనూ కూర్చుని రాసినవాళ్లకే ఆ ముక్క బరువు తెలుస్తుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, కొట్టిపారేసేదేమీ కాదు. ఇరవై దేశాల పిల్లలు ఒక తరగతిలో కూర్చుంటే అందరికీ తెలిసిన భాష ఒకటి కావాలి, అది ఇంగ్లీషు కాక మరేమవుతుంది? స్థానిక భాష తప్పనిసరి చేస్తే బయటి దేశాల నుంచి, డబ్బు లేని ఇళ్ల నుంచి వచ్చేవాళ్లకు తలుపు మూసినట్టే అంటారు. పైగా 2016లో గూగుల్ కృత్రిమ మేధతో నడిచే న్యూరల్ అనువాదానికి మారింది, 2017లో డీప్ఎల్ అనే అనువాద యంత్రం వచ్చింది, ఆ ఏడాదే యంత్రం చేసిన అనువాదాన్ని మనిషి దిద్దడానికి ఐఎస్ఓ 18587 ప్రమాణం వచ్చింది. ఇక ఈ కష్టమంతా ఎందుకని ప్రశ్న. తలుపు సంగతి నిజమే. దానికి మందు మొదటి ఏడాది ఉచితంగా, గట్టిగా భాష నేర్పడం. భాషనే ఎత్తేయడం మందెలా అవుతుంది?

యంత్రం సంగతే అసలైన సంగతి, ఎందుకంటే అక్కడే ఇంగ్లీషు ఎవరికీ కనబడకుండా కూర్చుని ఉంది. తెలుగులో 'మనం' వేరు, 'మేము' వేరు. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. ఇండోనేసియా భాషలోనూ అచ్చం ఇలాగే 'కిత' అంటే మనం, 'కమి' అంటే మేము. రెండు భాషలకూ ఈ తేడా పుట్టుకతోనే తెలుసు. కానీ ఈ రెండింటి మధ్య నేరుగా జరిగిన అనువాదాలు బాగా తక్కువ కాబట్టి మాట తరచుగా ఇంగ్లీషు మీదుగా వెళ్తుంది. ఇంగ్లీషుకు తెలిసింది 'వీ' ఒక్కటే. 'మేము తప్పు చేశాం' అని ఒక కంపెనీ క్షమాపణ చెబితే, మధ్యలో తేడా ఊడిపోయి, అవతలి ఒడ్డున 'మనం తప్పు చేశాం' అని తేలొచ్చు. నష్టపోయినవాడి నెత్తినే సగం తప్పు పడుతుంది. పంపినవాడికీ తెలుసు, అందుకున్నవాడికీ తెలుసు, మధ్యలో ఉన్న భాషకే తెలియదు.

ఇది యంత్రంతో పుట్టిన జబ్బు కూడా కాదు. యూరోపియన్ యూనియన్‌లో 24 అధికార భాషలున్నాయి, అంటే ఏ భాష నుంచి ఏ భాషలోకి అని లెక్కేస్తే 552 జతలు. అన్ని జతలకూ దుబాసీలు దొరకరు. అందుకే ఒక భాషను ముందు పెద్ద భాషలోకి, అక్కడి నుంచి మరో భాషలోకి మార్చే రిలే పద్ధతి. 1958 నాటి మొదటి నిబంధన ప్రకారం ఈ భాషలన్నిటికీ సమాన హోదా. 1982లో సిల్‌ఫిట్ కేసులో యూరోపియన్ కోర్టు, చట్టం అర్థం తేల్చాలంటే వేర్వేరు భాషల్లోని పాఠాలను పోల్చి చూడాలని, అన్నీ సమానంగా ప్రామాణికమేనని చెప్పింది. అదే కోర్టు లోపల పని జరిగే భాష మాత్రం ఫ్రెంచి. మిగతా సంస్థల్లో ముసాయిదాలు ఎక్కువగా ఇంగ్లీషులో తయారవుతాయి. బ్రిటన్ 2020 జనవరి 31న వెళ్లిపోయింది, ఇంగ్లీషు వెళ్లలేదు. హోదా కాగితం మీద 24 భాషలకు పంచారు, ఆలోచన మాత్రం ఒకటి రెండు భాషల్లోనే పుడుతోంది. మిగిలినవి తర్వాత వేసుకునే చొక్కాలు.

ఒక భాషలో పుట్టిన ఆలోచనకు మిగతా భాషలు ఎదురు చెప్పలేవు, వరస మాత్రమే కలుపుతాయి. నన్ను కలవరపెట్టేది అదే. ఆ ముసాయిదా బల్ల దగ్గర కూర్చుని 'ఆగండి, ఈ వాక్యం మా భాషలో నిలబడదు, ముందు మీ వాక్యమే మార్చండి' అనగలిగే మనుషులు కావాలి. యంత్రం ఆ మాట అనదు, ఇచ్చింది మార్చి ఇస్తుంది. రెండు యూనివర్సిటీల్లోనూ ఇంగ్లీషులోనే చదివి వచ్చిన పట్టభద్రుడూ అనడు. వాక్యం ఎక్కడ విరిగిందో అతనికి వినబడితే కదా.

అందుకే ఇలాంటి కోర్సుకు దరఖాస్తు పెట్టేవాళ్లు ర్యాంకులు, నగరాల ఫొటోలు పక్కన పెట్టి కొన్ని సంగతులు అడగాలి. 120 క్రెడిట్లలో రెండో భాషలో బోధించేవి ఎన్ని? థీసిస్ ఏ భాషలో రాయాలి, గైడ్ రెండు వైపులా ఒక్కొక్కరు ఉంటారా? ఇంటర్న్‌షిప్ అక్కడి మనుషులతో వాళ్ల భాషలో పనిచేసే చోటా, లేక అంతర్జాతీయ ఆఫీసులో ఇంగ్లీషు న్యూస్‌లెటర్ దిద్దే పనా? రెండు పట్టాలూ విడివిడిగా చెల్లుతాయా, రెండోది ఉత్త సర్టిఫికెట్టా? ఈ చివరి ప్రశ్నకు కొన్నిచోట్ల జవాబు నీళ్లు నములుతూ వస్తుంది, జాగ్రత్త.

ఈ ప్రశ్నలన్నీ ఒక మెయిల్‌లో పెట్టి కోర్సు కోఆర్డినేటర్‌కు పంపండి. మెయిల్ అక్కడి భాషలోనే రాయండి, తప్పులున్నా ఫర్వాలేదు. జవాబు ఏ భాషలో వస్తుందో చూడండి.