సోయి తప్పిన సంగతి కాగితంలో లేదు

"కరెంటొచ్చింది, మోటరెయ్యి బిడ్డా" అని అర్ధరాత్రి ఆక్సిజన్ మాస్క్ పీకేసుకునే తండ్రి, ఆ చేతులు పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న కొడుకు. 2021 మే నెలలో మన వరంగల్ కరోనా వార్డుల్లో ఇది కొత్త దృశ్యం కాదు. భయానికి అట్ల మాట్లాడుతున్నడని ఒకరు, గాలి సోకిందని ఒకరు, ఆయన మొదట్నుంచీ మొండోడేనని ఇంకొకరు అన్నారు. ఇది డాక్టరుకు చెప్పాల్సిన లక్షణమని చాలామందికి తట్టనే లేదు. చెప్పినవాళ్ల మాట కూడా, పల్స్ ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 94 శాతం కనిపిస్తే, బాగానే ఉందిలే అని అక్కడే ఆగిపోయింది.

కరోనా ఊపిరితిత్తుల జబ్బు అని మన బుర్రల్లో అంతలా నాటుకుపోయింది మరి. కానీ అది మెదడునూ నరాలనూ తాకుతుంది. వుహాన్‌లో ఆస్పత్రిలో చేరిన 214 మందిని చూస్తే 78 మందిలో తల తిరగడం, తలనొప్పి, వాసన తెలియకపోవడం, సోయి తగ్గడం లాంటివి ఏదో ఒకటి ఉన్నాయని 2020లోనే తేలింది. అదే ఏడాది షికాగోలో 509 మందిని గమనిస్తే దాదాపు మూడో వంతు మందికి తికమక, మతి స్థిమితం తప్పడం కనిపించింది. అలాంటివాళ్లలో నెల లోపు చనిపోయినవారు 21.7 శాతం, మిగతావాళ్లలో 3.2 శాతం. వయసు, జబ్బు తీవ్రత లెక్కలోకి తీసుకున్నా తేడా మిగిలింది. అంటే ఆ మోటరు మాట పలవరింత అని నవ్వి వదిలేసేది కాదు, ప్రమాద ఘంటే.

కారణం ఒక్కటే కాదు. ఆక్సిజన్ తగ్గడం, జబ్బుతో పోరాడే క్రమంలో ఒంటి లోపల పుట్టే వాపు (ఇన్‌ఫ్లమేషన్), రక్తం గడ్డకట్టి పక్షవాతం రావడం, ఐసీయూలో నిద్ర లేకపోవడం, మత్తు మందులు, అన్నీ కలుస్తాయి. వైరస్ నేరుగా మెదడులో దూరిందనడానికి ఆధారాలు తక్కువ. వాసన సంగతి తమాషా, ఎనుమాముల యార్డులో మిర్చి ఘాటుకు దగ్గొచ్చిన మనిషికే ఇంట్లో పోపు మాడినా తెలియకపోవచ్చు, ఎందుకంటే ఘాటును పట్టే నరం వేరు, వాసన పట్టే నరం వేరు.

మేం అడుగుతున్నది పెద్ద మిషన్లు కాదు. ఇది ఏ ఊరు, ఇవాళ ఏ వారం, పక్కనున్నది ఎవరు అని పూటకోసారి సిస్టర్ అడిగి కేస్ షీట్‌లో రాయాలి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ముందుగా పట్టేది ఇంటి మనిషే కాబట్టి అటెండెంట్ మాట వినాలి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా క్షణం ఆగొద్దు. అది పక్షవాతం కావచ్చు, మెదడులో రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు లక్షణం మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలు, దూరాన ఉన్న ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు రావడానికే అందులో చాలా పోతుంది.

ఆ తండ్రి బతికి ఇంటికొచ్చాడు. డిశ్చార్జి కాగితంలో ఆక్సిజన్ ఉంది, షుగర్ ఉంది, జ్వరం లేదని ఉంది. సోయి లేని నాలుగు రాత్రుల గురించి ఒక్క ముక్క లేదు. ఇప్పుడు మోటరు వేసి మరిచిపోయి వస్తున్నాడని కొడుకు పీహెచ్‌సీకి తీసుకెళ్తే, అక్కడి డాక్టరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వయసు కదా అని బీ కాంప్లెక్స్ రాసి పంపారు.