150 హార్స్‌పవర్ ఇంజన్లకి ఇంటి ఫ్యాన్ వైరా సామీ?

ఇందాకే ఒక ఫోటో వచ్చింది. చెన్నై ఈసీఆర్ వైపు ఎవరిదో కొత్త స్పీడ్ బోటు. వెనక జంటగా 150 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు ఇంజన్లు, తళతళలాడుతున్నాయి. కింద మెసేజ్: "అన్నా, కుడి ఇంజన్ టిక్కుటిక్కుమంటోంది గానీ తిరగట్లేదు. కంపెనీవాడు డిఫెక్ట్ పీసు అంటగట్టాడు. ఒక పోస్ట్ పెట్టి కడిగెయ్యండి."

పెడుతున్నా. కడుగుతున్నా. కంపెనీని మాత్రం కాదు.

ఆ ఫోటో జూమ్ చేసి చూడండి, ఒళ్లు మండకపోతే అడగండి. బ్యాటరీ టెర్మినల్ మీద రెక్కల నట్టు. దాని కింద దొంతరగా ఏడు కనెక్షన్లు. అందులో రెండింటికి లగ్గే (తీగ చివర నొక్కే రింగు ముక్క) లేదు, తీగ మెలితిప్పి బోల్టుకి చుట్టేశారు, తోరణం కట్టినట్టు. పైన నల్ల టేపు, ఎండకి జిగురు కారి సగం ఊడిపోయింది. హెల్మ్‌కి (స్టీరింగ్ ఉండే చోటుకి) వెళ్లే మెయిన్ ఫీడు పసుపురంగు 2.5 స్క్వేర్ ఎంఎం ఇంటి వైరు. ఇంట్లో కరెంటు పని అయ్యాక కాయిల్లో మిగిలిన ముక్కే అయ్యుంటుంది, ఇంకేముంది!

రెక్కల నట్టు చేత్తో బిగించేది. అలల మీద ఎగిరెగిరి పడే హల్‌లో, అంటే పడవ ఒంట్లో, అది వదులవ్వక ఏమవుతుంది? లావు కేబుల్ ఉన్న చోట షట్కోణం నట్టు, లాక్ వాషర్, స్పానర్. ఒక్కో బోల్టు మీద నాలుగు లగ్గులకి మించి వద్దు, లావుది అడుగున. మిగతావన్నీ బస్‌బార్ (కనెక్షన్లు బిగించే లోహపు పట్టీ) మీదకి పోవాలి. ఇదేమీ రాకెట్ సైన్సు కాదు, ఇంజన్ పెట్టెలో వచ్చే మాన్యువల్లో బొమ్మేసి మరీ ఉంటుంది. ఆ మాన్యువల్ సీటు కింద సీలు కూడా విప్పకుండా పడుంటుంది, అది వేరే ఏడుపు.

లెక్క చెప్తా, తర్వాత ఎవరిని తిట్టాలో మీరే తేల్చుకోండి. ఆ సైజు స్టార్టర్ మొదటి క్షణంలో 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి 3 మీటర్లు, రానుపోను 6. కేబుల్ 16 స్క్వేర్ ఎంఎం అయితే దారిలోనే 1.3 వోల్టులు హరీ. 35 స్క్వేర్ వేస్తే 0.6తో సరి. క్రాంకింగ్‌లో, అంటే స్టార్టర్ ఇంజన్ని తిప్పేటప్పుడు, బ్యాటరీ ఎలాగూ పదిన్నర వోల్టులకి దిగుతుంది, అందులోంచి 1.3 తీసేస్తే స్టార్టర్ దగ్గర మిగిలేది 9.2. వదులు నట్టు ఇంకో అర వోల్టు మింగితే ఇక టిక్కుటిక్కే. ఇంజన్ డిఫెక్టట!

ఇక ఆ పసుపు వైరు. హెల్మ్ 6 మీటర్ల దూరం, రానుపోను 12. 15 ఆంపియర్లు లాగితే 2.5 స్క్వేర్‌లో 1.26 వోల్టులు పోతాయి, అంటే 12లో పది శాతం పైనే. నావిగేషన్ లైట్లు, ఎలక్ట్రానిక్స్ లాంటి వాటికి మూడు శాతం దాటకూడదని అమెరికా బోట్ల సంస్థ ఏబీవైసీ స్టాండర్డు చెప్తుంది. ఇక్కడ ఆ మూడు శాతంలో ఉండాలంటే 10 స్క్వేర్ కావాలి. అదీ టిన్ పూత ఉన్నది, సన్న పోగులది. మామూలు రాగి వైరు ఉప్పుగాలికి లోపల్లోపలే చస్తుంది. కాశిమేడు హార్బర్‌లో ఏ పాత బోటు దగ్గరికైనా పోయి, వైరు చివర నుంచి మూడు అంగుళాలు వెనక్కి తొడుగు కోసి చూడండి. పైన మచ్చ ఉండదు, లోపల బొగ్గులా నలుపు. ఇది తెలిసీ వెల్డింగ్ కేబుల్ వేసేవాళ్లున్నారు, "మెత్తగా బాగా వంగుతుందన్నా" అంటారు. వంగుతుంది, నిజమే. టిన్ పూత లేని ఆ సన్న పోగుల వెంబడే ఉప్పునీళ్లు లోపలికి పాక్కుంటూ పోతాయి.

లగ్గుని కటింగ్ ప్లయర్‌తో నొక్కేవాళ్ల గురించి ఏం చెప్పను. ర్యాచెట్ క్రింపర్ కొనుక్కోండి, లావు లగ్గులకి హైడ్రాలిక్‌ది. నొక్కాక గట్టిగా లాగి చూడాలి. పైన లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవు, వేడి చేస్తే రెండు కొసల నుంచీ జిగురు సన్నగా బయటికి రావాలి, రాకపోతే సీలు పడనట్టే. "సోల్డరింగ్ చేశాను కదా" అనకండి. సోల్డర్ ఆగే చోట వైరు కర్రలా బిగుసుకుంటుంది, అదురుకి సరిగ్గా అక్కడే తెగుతుంది.

ఇక జంట ఇంజన్లు అన్నారు కాబట్టి అసలు మంట ఇక్కడ. ఆ ఫోటోలో రెండు క్రాంకింగ్ బ్యాటరీల నెగటివ్‌లు కలపలేదు. కలిపి తీరాలి, స్టార్టర్ కేబుల్ ఎంత మందమో అంత మందం కేబుల్‌తో. పాజిటివ్‌లు మాత్రం దేనికది విడిగా. ఎందుకంటే ఒక బ్యాటరీ నెగటివ్ వదులైందనుకోండి, ఆ 200 ఆంపియర్లు ఊరుకోవు, వేరే దారి వెతుక్కుంటాయి. దొరికే దారి పక్క ఇంజన్ హార్నెస్‌లోని (వైర్ల కట్టలోని) పుల్లంత వైర్లు. అప్పుడు కాలేది రెండు రూపాయల ఫ్యూజు కాదు, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఈసీయూ. దాని రేటు విన్నాక మళ్లీ "కంపెనీవాడు" అనే పాట మొదలు.

ఇదంతా కారు ఎలక్ట్రీషియన్ల పుణ్యం. మంచి పనివాళ్లే, కాదనను. కానీ కారుకి ఇనప బాడీ ఉంది, ఎక్కడ స్క్రూ దింపినా ఎర్త్ దొరుకుతుంది. ఫైబర్ బోటుకి బాడీ ఎర్త్ ఎక్కణ్నుంచి వస్తుంది? అయినా ఒక వైరే లాగుతాడు, రెండోది దొరికిన స్టీలు రెయిలుకో బ్రాకెట్ బోల్టుకో బిగించేస్తాడు. లైటు వెలుగుతుంది, డబ్బులు తీసుకుని పోతాడు. తర్వాత కరెంటు లోహంలోంచి నీళ్లలోకి దిగే చోటల్లా అల్యూమినియం తినేస్తుంది. తను కరిగి ఇంజన్‌ని కాపాడే అనోడు నెలలు రావాల్సింది రోజుల్లో అయిపోతుంది, ఆ తర్వాత నీళ్లలో ఉండే గేర్‌కేస్ వంతు.

పడవ లోపల కూర్చునే ఇన్‌బోర్డు పెట్రోల్ ఇంజన్లకి పుదుపేట పాత సామాన్ల బజారు నుంచి కారు ఆల్టర్నేటర్ తెచ్చి బిగించే మహానుభావులకి ఇంకో నమస్కారం. బ్రాకెట్ సరిపోతుంది, బెల్టు సరిపోతుంది. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, పోయి బిల్జ్‌లో, అంటే పడవ అడుగున, కూర్చుంటుంది. మెరైన్ ఆల్టర్నేటర్‌లో నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా కట్టుదిట్టం ఉంటుంది, కారుదాంట్లో ఉండదు. మిగిలిన డబ్బులతో ఏం చేస్తారు, ఆస్పత్రి పార్కింగ్ ఫీజు కడతారా?

2018 నవంబర్లో అమరావతి దగ్గర కృష్ణలో ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోట్ల రేసు జరిగితే మనవాళ్లంతా ఒడ్డున నిలబడి ఫోన్లలో వీడియోలు తీశారు. ఆ వీడియోలు చూసే కదా ఇప్పుడు అందరికీ స్పీడు పిచ్చి. ఆ పడవ నడిపేవాడు కిల్ స్విచ్ తాడు (మనిషి పడితే ఊడి ఇంజన్ ఆపేది) కట్టుకోకుండా కదలడు. ఇక్కడ? "ఊరికే ఆగిపోతోందన్నా" అని కిల్ స్విచ్ వైరు కత్తిరించి టేపు చుట్టేస్తారు. చాలా ఔట్‌బోర్డుల్లో ఆ వైరు ఎర్త్ అయితేనే ఇంజన్ ఆగేది, కాబట్టి కత్తిరిస్తే తాడు ఊడినా ఆగదు. నడిపేవాడు మలుపులో ఎగిరి నీళ్లలో పడితే, బోటు అదే స్పీడుతో గిరగిరా తిరిగి వాడి మీదకే వస్తుంది, ప్రొపెల్లర్‌తో సహా. అమెరికాలో 26 అడుగుల లోపు బోట్లకి 2021 ఏప్రిల్ నుంచి ఆ తాడు కట్టుకోవడం చట్టం. మనకి చట్టం కూడా అక్కర్లేదు, తాడు డబ్బాలోనే వస్తుంది. ఊరికే ఆగిపోతుంటే ఆ స్విచ్చులో ఉప్పు చేరిందని అర్థం, స్విచ్చు మార్చండి. దాని ఖరీదు ఆ బోటులో పెట్టిన స్పీకర్‌లో పదోవంతు ఉండదు.

స్పీకరంటే గుర్తొచ్చింది. ఏనుగునమ్మి అంకుశం దగ్గర పేచీ అంటారు. మనోళ్లు ఏనుగుని కొని, దానికి నీలం ఎల్‌ఈడీలు కట్టి, మావటివాడి కూలి దగ్గర పేచీ. ఇంజన్లకి లక్షలు పోస్తారు, సౌండు సిస్టానికి బేరమాడరు. వైరింగ్ అనగానే "రెండు వైర్లు కలపడానికి అంతా?" అంటారు. పైగా వైరింగ్‌వాణ్ని పిలిచేది ఎప్పుడు? డెక్కు అతికించేశాక. వైర్లు పోవడానికి గొట్టం (కాండ్యూట్) ఉండదు, చెయ్యి దూరదు, వైర్లకి అడుగున్నరకో క్లిప్పు వేద్దామంటే చోటుండదు. ఇంజన్ వైర్లు, కేబుళ్లు పోయే రిగ్గింగ్ ట్యూబు ఎంత పొడవో చూసేవాడు లేడు. ఇంజన్‌ని పూర్తిగా పైకి లేపి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి అప్పుడు స్లాకు, అంటే కాస్త వదులు, వదలాలి. లేకపోతే మొదటిసారి టిల్ట్ చేసినప్పుడే హార్నెస్ లాక్కుపోతుంది. నీళ్లు తోడే బిల్జ్ పంపుకి మెయిన్ స్విచ్చు దాటించి, బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజుతో లైను ఇవ్వాలి. ఆ ఫ్యూజు బ్యాటరీకి 7 అంగుళాల లోపు ఉండాలి. ఇవ్వరు. రాత్రంతా వానపడి తెల్లారి బోటు మునిగితే హల్ కట్టినవాణ్ని తిడతారు.

కాబట్టి ఇన్‌బాక్స్‌లోకి వచ్చి "ఎంతవుతుంది" అని అడగొద్దు. ఇంజన్ మోడల్ నంబరు, బ్యాటరీ నుంచి స్టార్టర్ దాకా టేపు పట్టి కొలిచిన దూరం, రెండు బ్యాటరీ టెర్మినళ్ల ఫోటో పంపండి. క్రాంక్ చేసేటప్పుడు బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులు, స్టార్టర్ లగ్గు దగ్గర ఎన్ని వోల్టులు, అదీ రాయండి. మీటరు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. అది కూడా కొననంటే ఆ ఎల్‌ఈడీలు పెట్టినవాడినే అడగండి.